తడక మీది చెయ్యి

పొద్దు బారెడు ఎక్కినా జమ్ములమ్మ దొడ్డి తడక తీయలేదు. నిన్నా తీయలేదు. లోపల గొర్రెలు అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నాయి. ఇప్పుడు వినిపించేది అరుపు కాదు, ముసలివాళ్ళ దగ్గు.

ఆమె తడకకు వీపు ఆనించి, ఒక చెయ్యి తాళ్ళ ముడి మీద వేసి కూర్చుంది. వెనక నుంచి ఒక గొర్రె సందులోంచి మూతి దూర్చి ఆమె కొంగు నములుతోంది. ఆమె లాక్కోలేదు. కొంగైనా తిననీ, కడుపులో ఏదో ఒకటి పడుతుంది కదా అనుకుంది.

"అవ్వా, లెవ్వు."

కొడుకు ఈరన్న వాకిట్లో నిలబడి ఈ మాట అనడం ఇది ఎన్నోసారో. నిన్న కోపంగా అన్నాడు, రాత్రి బతిమాలాడు, ఇప్పుడు రెండూ అయిపోయిన గొంతుతో అన్నాడు.

"లెవ్వను."

"లింగోజి కొత్తకోట నుంచి మనుషుల్ని ఎంటేసుకొని వస్తుండు. నేను మాటిచ్చిన."

"మాట నువ్విచ్చినవ్. గొర్రెల నేను ఇయ్యలే."

"ఉంచుకొని ఏం జేస్తవ్? యాడ మేపుతవ్? జర చెప్పరాదు, వింట."

జమ్ములమ్మ తడకకు ఇంకా గట్టిగా ఆనుకుంది.

అమ్రాబాదు గుట్టల మీది ఆ ఊరి కురుమలకు తాతలనాటి నుంచి ఒకటే బాట. వానలు మొదలైతే మందను అడవికి ఎక్కించాలి. కింద పంటలు కోశాక దిగి, తిమ్మాజిపేట దాకా, అలంపూరు దాకా రైతుల చేలల్లో రాత్రిళ్ళు మంద పెట్టి, ఆ ఎరువుకు బదులు జొన్నలు తెచ్చుకోవాలి. ఈ ఏడు ఆ బాటకు రెండు కొసలూ తెగాయి. సర్కారు అడవిని కాచే జంగ్లాత్ వాళ్ళు దాని చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు పాతి, రాయి దాటిన మంద బందెలదొడ్డికేనని చాటింపు వేయించారు. కిందికి పోదామంటే ఆరుద్ర వానకు రైతులు విత్తనం వేసేశారు. బీళ్ళన్నీ పల్లికాయ చేలయ్యాయి. "కింద విత్తనం పడ్డది, మీద రాయి పడ్డది, నడుమ మన మంద పడ్డది" అని ఈరన్న అన్న మాటలో అబద్ధమేమీ లేదు.

ఎక్కడో నడుస్తున్న పెద్ద లడాయిలో సిపాయిల పల్టనులకు మాంసం కావాలి. లింగోజి ఆ కంత్రాటు పట్టినవాళ్ళ కోసం ఊరూరా తిరిగి గొర్రెలు కొంటున్నాడు. ఈరన్న మందనంతా ఇస్తానన్నాడు. ఒక్క పిల్ల కూడా మిగలకుండా, అంతా.

మరి అంత మాట ఇచ్చిన మొగవాడు, చెయ్యెత్తు మనిషి, తడక తీసి గొర్రెలను తోలుకుపోకుండా వాకిట్లో నిలబడి తల్లిని ఎందుకు బతిమాలుతున్నట్టు? అక్కడే ఉంది చిక్కు. ఆ కురుమల ఇళ్ళలో ఇంటి దొడ్డి తడకను ఇంటి పెద్ద ఆడదే తీయాలి. మొగవాడు మందకు ముందు నడుస్తాడు, మేపుతాడు, తోడేలుతో కొట్లాడతాడు. తడక మాత్రం ముట్టడు. మొగచెయ్యి తడక తీస్తే ఆ మంద మళ్ళీ ఆ దొడ్డి చేరదని వాళ్ళ నమ్మకం. అమ్ముకునే మంద ఎట్లాగూ తిరిగి రాదు కదా అంటే, ఈరన్నకూ ఆ తర్కం తోచకపోలేదు. నిన్న ఒకసారి తడక దాకా వచ్చాడు కూడా. చెయ్యి లేవలేదు. పుట్టినప్పటినుంచీ చూసింది ఒక్కసారిగా పోతుందా?

ఈ సంగతి తెలిసే జమ్ములమ్మ తడకకు వీపు ఆనించింది. తెలివైన పనే. కాని ఆ తెలివికి కడుపు మాడుతున్నది గొర్రెలకు. కడవలతో నీళ్ళు పోసింది, పెరటి వేపకొమ్మలు నరికి వేసింది. అవి నాలుగు మేకలకైతే సరిపోయేవి.

ఈరన్న ఇంకేమీ అనకుండా లింగోజికి ఎదురుపోయాడు.

కోడలు జోగులమ్మ ముంతలో అంబలి తెచ్చి అత్త పక్కన పెట్టి, తానూ అక్కడే నేల మీద కూర్చుంది. గద్వాల దిక్కు పిల్ల. కాపురానికి వచ్చి రెండేళ్ళు కాలేదు. మొన్ననే నెల తప్పింది.

"తాగు అత్తా."

"అవి ఉపాసముంటే నేనెట్ల తాగుత?"

"అవి ఉపాసముండబట్టింది నీ వల్లనే గద."

మాట మెత్తగానే వచ్చింది గాని చురుక్కుమని తగిలింది. జమ్ములమ్మ కోడలి ముఖంలోకి చూసింది. వెటకారం లేదు. ఏడ్చిన కళ్ళు.

"నువ్వు గూడ వాని దిక్కేనా?"

"నేను నా దిక్కు." జోగులమ్మ నేల మీద గీతలు గీస్తూ అంది. "వనపర్తి కాడ చెరువుకట్టకు మట్టిపని నడుస్తుందంట. మా అన్నోళ్ళు పోయిన్రు. పొద్దంత పనిచేస్తే మాపటికి గుడిసెల మొగుడు పెండ్లాం ఇద్దరుంటరంట. నాకది చాలు."

"మట్టి మోసేతందుకా నిన్ను చేసుకొచ్చింది?"

"మరి దేనికి తెచ్చిన్రత్తా? రెండేండ్లల్ల నీ కొడుకు ఇంట్ల పండుకున్నది ఎన్ని దినాలు? వానకాలం గుట్టెక్కె, ఎండకాలం అలంపూరు పాయె. నీళ్ళకు పోతే ఆడోళ్ళు నవ్వుతరు. గోడకు చెప్పుకుంటున్న నా బాధ."

జమ్ములమ్మ ఇంటి గోడ వైపు చూసింది. ఆ గోడకు అంతకుముందు ఏళ్ళ తరబడి చెప్పుకున్నది తనే.

మొగుడు బీరయ్య మంచివాడు. తిట్టలేదు, కొట్టలేదు. అసలు ఇంట్లో ఉంటే గదా! తాను కాపురానికొచ్చిన కొత్తలో తన అత్త నవ్వుతూ, "మన మొగోళ్ళు చుట్టాల లెక్క, వచ్చినప్పుడే మర్యాద చేసుకోవాలె" అనేది. జమ్ములమ్మ మర్యాద చేసింది. పిల్లలను ఒక్కతే కన్నది, ఇద్దరిని ఒక్కతే పూడ్చింది. మిగిలినవాడు ఈరన్న. వాడికీ మీసాలు రాకముందే గొంగడి కప్పి తండ్రి వెంట పంపింది.

పోయిన ఎండాకాలం మంద అలంపూరు దిక్కు నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఆమె ఎప్పటిలాగే తడక తీసి పట్టుకుంది. గొర్రెలు ఒకటొకటిగా లోపలికి పోయాయి. ఆఖరు గొర్రె వెనక బీరయ్య రావాలి. ఈరన్న వచ్చాడు, తండ్రి గొంగడి మడిచి భుజాన వేసుకుని. జ్వరం వచ్చిందట. తుంగభద్ర ఒడ్డున పూడ్చిపెట్టి వచ్చారట. ఆమె అప్పుడు కూడా తడక వదలలేదు. ఇంకా ఎవరో వస్తారన్నట్టు బాట వైపు చూస్తూనే నిలబడింది.

"నాకు తెల్వదనుకున్నవా బిడ్డా?" అంది చివరకు. "నీ బాధ నాకు తెల్వదా?"

"తెలిసి గూడ నన్ను గట్లనే ఉండుమంటున్నవ్. నీకు మందనే మొగుడయింది అత్తా. నేనట్ల గాలేను. ఆఖరు గొర్రె ఎనక ఎవరొస్తున్నరో అని సూసుకుంట కూసునుడు నాతోని గాదు."

జమ్ములమ్మకు కోడలి తల నిమరాలనిపించింది. చెయ్యి తడక మీదినుంచి తీయాలంటే భయమేసింది. తీయలేదు.

"మంద పోతే," అంది మెల్లగా, "నేను ఎవరికోసం ఎదురుసూడాలె? మీ ఇద్దరు వనపర్తి పోతరు. నన్నూ రమ్మంటరు. వచ్చి ఏం జెయ్యాలె? ఏడాది పొడుగున నాకు తెలిసింది ఒకటే. మంద పోతది, మంద వస్తది. నడుమ నేనుంట. అది గూడ లేకుంటే నేనెందుకు?"

జోగులమ్మ అంబలి ముంత మీద ఈగలు వాలితే తోలుతూ కూర్చుంది.

లింగోజి వచ్చాడు. వెంట ఇద్దరు తోలేవాళ్ళు, ముందు ఈరన్న, పక్కన కులపెద్ద ఎల్లన్న. ఎల్లన్న బీరయ్యకు పాలివాడు, వయసులో చిన్న. పెద్దరికం నెత్తిన పడ్డప్పటినుంచి అందరితోనూ నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకున్నాడు.

లింగోజి దొడ్డి దగ్గరికి వచ్చి నాలుకతో టకటకమని చప్పుడు చేశాడో లేదో, మూగబోయిన గొర్రెలన్నీ తడక మీద విరుచుకుపడ్డాయి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా! జమ్ములమ్మ వీపు మీద తడక ఊగింది. ఆమె కాళ్ళు తన్నిపెట్టి ఆపింది.

"ఏందమ్మా ఇది? గిట్ల ఎండబెడితే బొక్కలు తప్ప నాకేం మిగుల్తయ్?" అన్నాడు లింగోజి.

"నీకెవరు మిగుల్చుమన్నరయ్యా? నీ తొవ్వన నువ్వు పో."

"వదినె," అన్నాడు ఎల్లన్న, "పోరగాడు పరేషాన్ల ఉన్నడు. మేపు లేని మందను పెట్టుకొని ఏం జేస్తడు? మన కురుమోళ్ళల్ల సగంమంది అమ్ముకునిరి."

"నీ మంద అమ్మినవా మరిది?"

ఎల్లన్న దొడ్డి వైపు చూస్తూ, "అమ్మిన," అన్నాడు. "అమ్మినంక వారం దినాలు దొడ్డి కాడనే పండుకున్న. ఇప్పుడిప్పుడు ఇంట్ల పండుకుంటున్న."

తోలడానికి వచ్చినవాళ్ళలో ఒకడు చుట్ట ముట్టించబోయి మళ్ళీ చెవి వెనక పెట్టుకున్నాడు.

"అవ్వా, ఆఖరుసారి అడుగుతున్న. తడక తియ్యి." ఈరన్న అడుగు ముందుకేశాడు.

"తియ్య."

"ఎందుకు తియ్యవ్?"

"మంద మనది గనక. నీ నాయినది, నీ తాతది. రేపు నీ పెండ్లాం కడుపుల పడ్డదానిది. నువ్వొక్కనివి అమ్మేతందుకు లేదు."

"నాయిన పేరు తియ్యకు! ఆ మందెంబడి తిరిగే గద సచ్చిండు. దవాఖాన లేదు, మందు లేదు. నీళ్ళు నీళ్ళు అనుకుంట నా ఒళ్ళె పాణం ఇడిసిండు. నువ్వు సూసినవా? నేను సూసిన! నేను గట్ల సావాల్నా? సెప్పు, సావాల్నా?"

"నేనట్ల అన్ననా కొడుకా..."

"మరేమంటున్నవ్? ఇంటి పెద్దాడది తియ్యాలె, పెద్దాడది తియ్యాలె అని మెడ మీద కూసున్నవ్. ఏం పెద్దరికం? పుస్తె తెగిన చెయ్యి తడక మీద పెట్టేతందుకే లేదు. నాయిన పోయిన నాడే నీ చెయ్యి తియ్యాలె. ఇప్పుడు ఇంటి ముత్తైదువ జోగులమ్మ. జోగీ, నువ్వొచ్చి తియ్యి!"

అయ్యో, ఎంత మాట! అన్నవాడికే తెలిసింది ఏమన్నాడో. తెలిసినా నోరుజారిన మాటను వెనక్కి తీసుకోలేకపోయాడు. ఎల్లన్న తల దించుకున్నాడు.

జమ్ములమ్మ ఏడవలేదు. తన చేతిని చూసుకుంది. ఏళ్ళ తరబడి తడక తాళ్ళు విప్పి వేసి కాయలు కాసిన చెయ్యి. కొడుకు మాట నిజమేమో, ఈ చేతి వల్లే మందకు ఈ గతి పట్టిందేమో అని ఒక్క క్షణం నిజంగానే భయపడింది.

ఈరన్న భార్య వైపు చూశాడు. అందరూ ఆమె వైపే చూశారు. ఈ రెండేళ్ళ ఒంటరితనం తీరడానికి ఆ పిల్లకు పది అడుగుల దూరం ఉంది. తాడు ముడి విప్పితే చాలు.

జోగులమ్మ లేచి కొంగు నెత్తిన కప్పుకుంది. "అత్త ఉండంగ నేను ముట్ట," అంది. అని ఇంట్లోకి పోయింది.

ఎల్లన్న నిట్టూర్చాడు. "విన్నవు గద ఈరన్నా. పుస్తెతోని పనిలేదు. మంద ఎవరి చేతి కింద పెరిగిందో ఆ చెయ్యే తియ్యాలె. ఆమె ఒద్దంటే నేను తియ్యుమన, కులం గూడ తియ్యుమనదు."

లింగోజి తల మీది రుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "నేను గొర్రెల కొనేటోన్ని. ఏడ్సుకుంట ఇచ్చిన గొర్రెను తోలుకపోతే నా పాణానికి మంచిది గాదు. నేను పోత. కంత్రాటు ఇంక నాలుగు దినాలే ఉంటది తమ్మీ, యాది పెట్టుకో. మల్ల కొనేటోడు రాడు." ఆయన తోలేవాళ్ళను పిలుచుకుని కదిలాడు. ఎల్లన్న వదినె వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

జమ్ములమ్మ గెలిచింది.

గెలిచినట్టు తెలియడానికి ఆమెకు కాస్త సేపు పట్టింది. తెలిశాక గబగబా లేచి తాళ్ళు విప్పింది. తడక తీయడమే ఆలస్యం, గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి వాకిలంతా నల్లగా నిండిపోయాయి. ఆమె గోడకు ఆనించిన కర్ర తీసి కొడుకు ముందు పెట్టింది.

"పో నాయినా, ఎంత ఆకలిగున్నయో. కట్టమైసమ్మ బండ దాక పోయిరా. కోపం మల్ల వచ్చి చేద్దువు."

ఈరన్న అరుగు మీద కూర్చున్నాడు. కర్ర వైపు చూడలేదు.

"నువ్వు తీసినవ్. నువ్వే తోలుకపో," అన్నాడు.

"నేనా? ఆడదాన్ని, మంద ముందట ఎన్నడన్న నడిసిన్నా?"

గొర్రెలు అతడి చుట్టూ మూగి, మోకాళ్ళు మూతులతో పొడుస్తూ, అతడి కూత కోసం ఎదురుచూశాయి. అతడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే కూడా తుడుచుకోలేదు.

జమ్ములమ్మ చాలాసేపు నిలబడింది. తర్వాత కర్ర తనే తీసుకుంది. బీరయ్య పెట్టే కూతను గుర్తు తెచ్చుకుని నాలుక మడిచి పెట్టబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. "రండే, రండే" అని కోళ్ళను పిలిచినట్టు పిలిచింది. గొర్రెలు ఆమెను నమ్మి రాలేదు, ఆకలికి వచ్చాయి.

ఊరు దాటాక గడ్డి అన్నది లేదు. సున్నపు రాళ్ళు పాతినప్పటినుంచి ఊళ్ళోని గొడ్లన్నీ ఆ కాస్త జాగాలోనే పడి నేలను గీకేశాయి. గొర్రెలు దేనికీ వంగకుండా తిన్నగా గుట్టెక్కసాగాయి. వాటికి బాట తెలుసు. తెలియనిది ఆమెకే. కట్టమైసమ్మ బండ దగ్గర ఆపుదామని అడ్డం తిరిగింది. పక్కలనుంచి దాటుకుని పోయాయి. కర్ర చాపింది, అరిచింది, చీర కాళ్ళకు తట్టుకుని పడి లేచింది. ముందు నడవాల్సిన మనిషి మందకు వెనకపడింది.

పైన తెల్లటి రాయి కనిపించింది. రాయి అవతల ఒత్తుగా పచ్చగడ్డి.

ఆయాసం తీర్చుకుంటూ ఆమె ఒకసారి కిందికి చూసింది. ఊరి కింద బండ్లబాట మీద ఇద్దరు మనుషులు పోతున్నారు. ముందు మొగవాడు. ఎడమ భుజం కాస్త వంచి నడుస్తున్నాడు. ఆ నడక బీరయ్యది, బీరయ్య తర్వాత ఒకడిదే. వెనక ఆడమనిషి, నెత్తిన మూట.

"ఈరన్నా!"

గొంతు చించుకుని పిలిచింది. "కొడుకా! ఓ ఈరన్నా!"

జోగులమ్మ నిలబడింది. గుట్ట వైపు తిరిగి చూసింది. ఈరన్న ఆగలేదు. కొంతదూరం పోయాక భార్య రావడం లేదని గమనించి వెనక్కి వచ్చాడు. ఆమె నెత్తి మీది మూట తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గుట్ట వైపు మాత్రం తల ఎత్తలేదు.

జమ్ములమ్మ కిందికి నాలుగంగలు వేసింది. వెనక గొర్రెల డెక్కల చప్పుడు పైకి పోతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అట్లా అయింది ఆమె పని. కొడుకు వెంట ఉరికితే మంద జంగ్లాత్ పాలవుతుంది. మంద వెంట పోతే కొడుకు మలుపు తిరిగిపోతాడు. పోయి కాళ్ళు పట్టుకుందామా? తెచ్చి ఏం చూపిద్దాం? మళ్ళీ అదే గోడ, అదే ఎదురుచూపు. ఆ పిల్లను మళ్ళీ అందులోకి రమ్మనడానికి తనకు నోరెట్లా వస్తుంది?

నిలబడే ఉంది. మలుపు దగ్గర చింతలు వాళ్ళిద్దరినీ కమ్మేశాయి. ఆ తర్వాత బాట మీద దుమ్ము కూడా లేదు.

ఆమె పైకి తిరిగేసరికి ఒక్క గొర్రె కూడా రాయికి ఇవతల లేదు.

కొంగుతో ముఖం తుడుచుకుని జమ్ములమ్మ రాయి దాటింది. మోకాళ్ళ దాకా గడ్డి. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఇక్కడికి రాలేదు. ఇంటికి వచ్చిన ఆ కాస్త రోజులూ బీరయ్య ఈ గడ్డి గురించే చెప్పేవాడు, విని విని విసుక్కునేది. గొర్రెలు తలలు వంచి పరపరమని మేస్తున్నాయి. రెండు దినాల ఆకలి. ఆ చప్పుడు వింటుంటే ఆమెకు కాసేపు ప్రాణం లేచివచ్చింది. ఈ సంతోషం ఎవరికైనా చెప్పాలని పక్కకు తిరిగింది. పక్కన ఎవరున్నారు?

"ఎవర్రా ఆడ!"

చెట్ల మధ్యనుంచి ఇద్దరు జంగ్లాత్ చౌకీదార్లు దుడ్డుకర్రలతో వచ్చారు. ఒకడు అప్పుడే మందకు అటుపక్క అడ్డం తిరిగాడు. రెండోవాడు ఆమె ముందుకొచ్చి, ముసలిదాన్ని చూసి కొంచెం తగ్గాడు.

"రాయి కానొస్తలేదా అవ్వా? మంద ఎవరిది? నీ మొగోళ్ళు యాడున్నరు, పిలువు."

జమ్ములమ్మ వెనక్కి తిరిగి తాను ఎక్కివచ్చిన గుట్టవాలు వైపు చూసింది. అలవాటు కొద్దీ చూసింది.

"ఎవ్వరు లేరు," అంది. "మంద నాది. నా ఒక్కదానిదే."